చలిపెట్టె తలుపు తీసింది నేనే

గడ్డకట్టే చలిలో ఛార్జయ్యే లిథియం బ్యాటరీని కనిపెట్టింది నేనే. నమ్మకపోతే హూడిలో మా ల్యాబుకు వెళ్లి అడగండి. గుంటూరు నుంచి వచ్చిన ఆ ఇంజనీరమ్మను మాత్రం అడక్కండి.

ఆమెకూ నాకూ మొదటి రోజు నుంచే పడదు. బ్యాటరీలు ఆమె తయారుచేసేది, నేను వాటిని చలిపెట్టెలో పెట్టి పరీక్షించేవాణ్ని. బయట చొక్కా తడిసిపోయే ఎండ, పెట్టెలో సున్నాకు ముప్పై డిగ్రీల దిగువ. అవి మంచుకొండల మీది కాపలా స్థావరాలకు పంపాల్సిన బ్యాటరీలు. అంత చలిలో కరెంటు ఎక్కిస్తే లిథియం లోపలికి ఇంకదు, పైపైనే పేరుకుంటుంది, బ్యాటరీ లోపలి సెల్లు పాడవుతుంది. ఈసారీ పాడైతే ఆమె ప్రాజెక్టు మూసేస్తామని మా ల్యాబు పెద్దాయన తేల్చి చెప్పాడు. అది విని నేను బాధపడ్డానని అబద్ధం చెప్పను.

ఒక మధ్యాహ్నం ఆమె కంప్యూటరు ముందు నుంచి లేచి నా మీదికి వచ్చింది.

“తాతగారూ, మళ్లీ డోర్ తీశారా? టెంపరేచర్ ఎలా లేచిందో చూడండి!”

“మజ్జిగ సీసా పెట్టుకుంటినమ్మా. ఎండ మండిపోతా ఉండాది.”

“అది మీ ఇంట్లో ఫ్రిజ్ కాదండీ!”

“నీ సెల్లులు బతికేవైతే కదా భయం. ఎట్లైనా చచ్చేవే.”

ఆమె సీసా బయటికి లాగి, మూత తీసి, నా కళ్ల ముందే సింకులో కుమ్మరించింది. మా ఆవిడ అల్లం, కరివేపాకు దంచి వేసిన మజ్జిగ అది. నేను ఇప్పటికీ క్షమించలేదు.

అయితే ఆ రోజు వెచ్చబడిన సెల్లు చక్కగా ఛార్జయింది. నా కళ్లతో చూశాను. కొన్నాళ్లకే ఆమె సెల్లులకు పల్చటి హీటరు రేకు చుట్టింది. ముందు వెచ్చబెట్టడం, ఆ తర్వాతే ఛార్జింగు. పరీక్ష నెగ్గింది, ప్రాజెక్టు నిలిచింది, చప్పట్లన్నీ ఆమెకే.

సరే, కనిపెట్టానన్నది కాస్త సాగదీసిన మాటే. రేకు చుట్టిందీ, లెక్కలు కట్టిందీ ఆమె. నేను తీసింది తలుపొక్కటే. కానీ ఆ ఆలోచన ఆమె బుర్రలోకి దూరింది ఆ తలుపులోంచే కదా?

ఏడిపిద్దామని ఇదంతా రాసిన ఈ కాగితాలు ఆమెకే ఇచ్చాను. నిలబడే చదివేసింది.

“ఆ రోజు రీడింగ్స్ ఒక్కటీ పనికిరాలేదండీ, అన్నీ పక్కన పడేశా. హీటర్ షీట్ అంతకుముందు నెలే ఆర్డర్ పెట్టా. మీ వల్ల టెస్ట్ మళ్లీ మొదట్నుంచీ చేయాల్సొచ్చింది. ఇంకొంచెం లేటైతే ప్రాజెక్ట్ పోయేదే.”