మూడు రాష్ట్రాల డీజిలు, ఒక కోత మిషను

పొద్దున లేవగానే అందరూ ఫోనులో వార్తలు చూస్తారు. నేను డీజిల్ రేటు చూస్తాను. ఖమ్మంలో ఎంత, భద్రాచలంలో ఎంత, సరిహద్దు దాటితే ఆంధ్రలో ఎంత, పైన ఛత్తీస్‌గఢ్‌లోని కుంటలో ఎంత. ఈ నాలుగూ చూశాకే కాఫీ. "ఏమండీ, దేవుడి పటానికి దణ్ణం పెట్టారా, ముందు బంకుకే పెట్టారా?" అని మా ఆవిడ అడుగుతుంది. నాకు ముక్కు మీదే కోపం, ఊళ్లో అందరికీ తెలుసు. కానీ ఈ ఎగతాళికి మాత్రం కోపం రాదు. ఆమె అన్నదాంట్లో అబద్ధం లేదు.

మాది వేంసూరు దగ్గర పల్లె. తాతల కాలంలో కోస్తా నుంచి వచ్చి ఇక్కడ భూములు కొనుక్కుని నిలబడిన కుటుంబం. నాకు నాలుగెకరాలూ, ఒక వరికోత మిషనూ ఉన్నాయి. చక్రాలకు బదులు చైను ఉన్న రకం, బురదలో కూడా దిగుతుంది. నడిపేది నేనే. వానాకాలం పంట కోతకు రాగానే ముందు మా చుట్టుపక్కల ఊళ్లు కోసి, తర్వాత ఏన్కూరు వైపు వెళ్లి, చివరికి పినపాక దగ్గర అడవి అంచు పొలాల్లో తేలతాను. ఆ రెండు నెలలంటే నాకు చాలా ఇష్టం. కోసిన గడ్డి వాసన, ఎవరింటి అన్నం వాళ్లింటి రుచి, సాయంత్రం ఒళ్లంతా దురద. ఇంట్లో కూర్చుని తినే అన్నానికి ఆ రుచి లేదు.

మా పనిలో ఒక కట్టుబాటు ఉంది. గంటకు ఇంత అని కిరాయి మాట్లాడుకున్నాక, డీజిల్ మిషనువాడిది, అన్నం రైతుది. రైతు డీజిల్ సంగతి అడగకూడదు, మేం కూర సంగతి అడగకూడదు. అందుకని సీజను మొదట్లో మాట్లాడుకున్న కిరాయి చివరిదాకా మారదు కానీ, డీజిల్ మారినా మారొచ్చు. పెరిగిందంతా నా జేబు మీదే. నా పిచ్చికి మూలం అదే.

ఆ పిచ్చి నాకు మరీ ముదిరింది సరిహద్దు వల్ల. మా ఊరివైపు సరిహద్దంటే ఒక పొలం గట్టు. గట్టుకు ఇవతల ఒక రేటు, అవతల ఇంకాస్త ఎక్కువ. ఆంధ్ర ట్రాక్టర్లన్నీ మా బంకుల్లో బారులు తీరతాయి, అవతలి బంకుల్లో పనివాళ్లు ఫోను చూసుకుంటూ కూర్చుంటారు. భద్రాచలం దాటి పైకి వెళ్తే కథ తిరగబడుతుంది. అక్కడ కుంటలో మనకన్నా తక్కువ. అందుకే అటు వెళ్లే లారీలు ట్యాంకు అడుగంటించుకుని వెళ్లి, అక్కడ గొంతుదాకా తాగి వస్తాయి. ఒకసారి ఒళ్లు మండి సత్తుపల్లి బంకులో పెద్దాయన్ని నిలదీశాను. నూనె ఒకటే, ట్యాంకరు ఒకటే, మరి ఊరికో రేటు ఏంటని.

ఆయన బంకులో ముప్పై ఏళ్లుగా ఉన్న మనిషి. నా మీద జాలిపడి కుర్చీ వేశాడు. "ముడిచమురు మనది కాదు. బయటి దేశాల్లో పెరిగితే ఇక్కడ పెరుగుద్ది. డాలరు పెరిగినా పెరుగుద్ది. దాని మీద ఢిల్లీ వాళ్ల సుంకం అందరికీ ఒకటే. ఆ పైన ఏ రాష్ట్రం పన్ను ఆ రాష్ట్రానిది. మీ గట్టు దగ్గర తేడా అదే" అన్నాడు. మరి ఒకే రాష్ట్రంలో ఖమ్మానికీ భద్రాచలానికీ పైసల్లో తేడా ఎందుకని అడిగాను. "డిపో నుంచి ట్యాంకరు ఎంత దూరం పోతే అంత కిరాయి పడుద్ది. అడవిలోకి పోయేకొద్దీ అందుకే కాస్త ఎక్కువ" అన్నాడు. అన్నీ అర్థమయ్యాయి, ఒళ్లు మంట మాత్రం తగ్గలేదు. ఎక్కువ ఆదాయం ఉన్న పట్నంవాడికి తక్కువ, అడవిలో ఉన్నవాడికి ఎక్కువ. ఇది ఏం న్యాయమని ఆయన్నే తిట్టి వచ్చాను. ఆయన నవ్వి టీ తాగించి పంపించాడు.

కొన్నేళ్ల కిందట రోజుకో రేటు వచ్చిన రోజులు కూడా చూశాను. పొద్దున ఆరింటికి పైసల్లో పెరిగేది. పైసలే కదా అనుకునేవాళ్లం, సీజను అయ్యేసరికి జేబు గుల్లయ్యేది. కిరాయి ఆటోల వాళ్లు మనిషికి అయిదు పెంచితే ఎక్కేవాళ్లు తిట్టేవాళ్లు, పెంచకపోతే ఇంట్లోవాళ్లు తిట్టేవాళ్లు. ఇప్పుడు రేటు చాన్నాళ్లు కదలకుండా కూర్చుంటుంది. అయినా నా అలవాటు పోలేదు. అలవాటుతో పాటు ఒక తెలివి కూడా అబ్బింది. మా బావమరిది లారీ కుంట మీదుగా వరంగల్ వైపు తిరుగుతుంది. పినపాక వైపు కోతకు వెళ్లినప్పుడు క్యాన్లు వాడికిచ్చి అక్కడి డీజిల్ తెప్పించుకునేవాణ్ని. లీటరుకు మిగిలేది తక్కువే. అయినా అందులో నాకు ఎక్కడలేని ఆనందం.

కిందటేడు అదే తెలివి ఒక అవ్వ కొంప ముంచబోయింది.

పినపాక అవతల అడవికి ఆనుకుని ఆమెకు రెండెకరాల వరి ఉంది. కోయ ఆమె, అరవై దాటిన మనిషి. తన వాళ్లతో తన భాషలో మాట్లాడుతుంది, మాతో తెలుగులో. ఇంట్లో తినే నోళ్లు అయిదు, ఏడాదంతా వాళ్లకు ఆ రెండెకరాల బియ్యమే ఆధారం. గింజ పాలు పోసుకున్నప్పటి నుంచి అడవిపందులు రాకుండా మంచె మీద పడుకుని కాపలా కాసింది. ఆ ఊళ్లో నేను చివరగా కోయవలసిన పొలం ఆమెదే. అంతలో అల్పపీడనం, సాయంత్రానికి వాన అని ఫోన్లన్నీ మోగాయి. వాన పడితే పండిన వరి పడుకుంటుంది. పడుకున్న వరి నీళ్లలో నాని గింజ మొలకెత్తుతుంది. ఆ తర్వాత మిషను ఎందుకు, మనిషి ఎందుకు.

పొద్దున్నే మిషను గట్టు మీద నిలబెట్టి ట్యాంకు చూశాను. అరెకరానికి వస్తుంది, అంతే. నాలుగు మైళ్లలో బంకు ఉంది. కానీ అది అడవి బంకు, ఆ జిల్లాలో అన్నింటికన్నా ఎక్కువ రేటు దానిదే. బావమరిదేమో కుంటలో క్యాన్లు నింపుకున్నాడు, పది గంటలకల్లా వస్తానన్నాడు. రెండెకరాలు ఎంతసేపు, పదకొండుకు మొదలుపెట్టినా రెండుకి అయిపోతుంది అనుకున్నాను. అవ్వ వచ్చి మిషను దగ్గర నిలబడింది.

"మంచు ఆరనీ అవ్వా, తడి మీద కోస్తే గింజ రాలదు" అన్నాను. అది నిజమే. పొద్దున మంచు ఆరేదాకా ఎవరూ కొయ్యరు.

తొమ్మిదిన్నరకు ఆమె ఒక వెన్ను తెంపి, గింజ పళ్ల మధ్య పెట్టి కొరికింది. "ఆరింది బిడ్డా. పటుక్కుమంటంది" అంది. నేను ఇంజను చూస్తున్నట్టు వంగాను. పదిన్నరకు బావమరిది ఫోను. చింతూరు దగ్గర టైరు పగిలిందిట, మార్చుకుని వస్తానన్నాడు. పదకొండయింది. గోదావరి వైపు ఆకాశం మసిబారింది. ఆమె నా పక్కకు వచ్చి ట్యాంకు మూత మీద చెయ్యి వేసింది.

"ఆయిల్ లేదా బిడ్డా?"

"వస్తంది అవ్వా, దారిలో ఉంది."

"యాడ్నుంచి?"

"కుంట నుంచి."

"కుంట నుంచా? గీడ బంకుల లేదా?"

"ఉంది గానీ, రేటెక్కువ."

ఆమె నా మొహం చూసింది, ఆకాశం చూసింది. "అవ్" అని మాత్రం అని వెళ్లిపోయింది. అన్నం తేవడానికి వెళ్లిందనుకున్నాను. అప్పుడైనా నేను లేచి బంకుకు వెళ్లాల్సింది. వెళ్లలేదు. ఇంతసేపు ఆగి ఇప్పుడు ఎక్కువ పెట్టి కొంటే ఆగింది కూడా దండగ అవుతుందని మనసు మొరాయించింది. ఉన్న డీజిలుతో ఒక మూల కోయడం మొదలుపెట్టి, ప్రతి మలుపులోనూ రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాను.

పన్నెండు దాటాక రోడ్డు మీద ఆటో ఆగింది. అందులోంచి అవ్వ దిగింది. చుట్టకుదురు పెట్టుకుని, ఇరవై లీటర్ల క్యాను నెత్తికెత్తుకుంది. గట్ల మీద అంత బరువుతో ఆమె ఎంత జాగ్రత్తగా అడుగు వేస్తోందో దూరం నుంచి చూశాను. ఎదురు పరిగెత్తి క్యాను అందుకున్నాను. నా జీవితంలో నాకంత సిగ్గు ఎప్పుడూ వేయలేదు. డీజిల్ మిషనువాడిది అన్న కట్టుబాటు నేను తప్పాను, ఆమె చేత మోయించాను. ఆమె నన్ను తిట్టి ఉంటే బాగుండేది. "జల్దీ పొయ్యి బిడ్డా" అంది, అంతే.

పోశాను. ఆ పూట నేను నడిపినట్టు మళ్లీ ఎప్పుడూ నడపలేదు. నీళ్లు తాగడానికి కూడా దిగలేదు. అవ్వ ఇరుగుపొరుగును పిలిచి పరదాలు పరిపించింది. గింజలు రాశిగా పోస్తుంటే వాళ్లు అంచులు మడుస్తూ వచ్చారు. ఆఖరి మడి ఆఖరి వరస కోస్తుండగా అద్దం మీద నాలుగు చినుకులు పడ్డాయి. రాశి మీద పరదా కప్పి రాళ్లు పెట్టేసరికి వాన దంచికొట్టింది. ఒక్క గింజ తడవలేదు. నా ఒళ్లు తేలికైంది, పిల్లాడిలా నవ్వొచ్చింది.

ఆమె ఇంటి పంచలో కూర్చున్నాం. ఎండుచేపల పులుసు, వేడి అన్నం. కట్టుబాటు ప్రకారం కూర సంగతి అడగకూడదు కానీ, రెండోసారి పెట్టించుకున్నాను. వాన చప్పుడులో గొంతు పెంచి, "అవ్వా, డీజిల్ నాది. లీటరెంత పడింది, చెప్పు, ఇస్తాను" అన్నాను.

ఆమె నా కంచంలోకి ఇంకో ముక్క వేసింది.

"నేనడగలే బిడ్డా. డబ్బ నిండా పొయ్యమన్న. గాయన పోసిండు. పైసలు ఆయన చేతుల పెట్టి, మబ్బు చూస్కుంట వచ్చిన."

అప్పుడే ఫోను మోగింది. బావమరిది. టైరు మార్చి భద్రాచలం దాటానని, కుంటలో ఈసారి మరీ చవగ్గా దొరికిందని, లీటరుకు ఎంత మిగిలిందో చెప్పి నన్ను మురిపించబోయాడు. ఆమె పంచ అంచున నిలబడి, పరదా మీద నుంచి నీళ్లు ఎటు జారుతున్నాయో చూస్తోంది.

"బావా, వింటున్నావా? ఎంతో తెలుసా?" అంటున్నాడు వాడు.

"వద్దులే, చెప్పకు" అన్నాను.