నాయన నమ్మని చప్పుడు

పోయిన వారం మధ్యాహ్నం మార్కాపురంలో మా ఇంట్లో గంజి వార్చడానికి గిన్నె పట్టుకుని నిలబడ్డదాన్ని, ఆ గిన్నె ఎక్కడ పడేశానో, గుమ్మం ఎలా దాటానో తెలియదు, చూసుకునేసరికి వీధి మధ్యలో కాళ్ళకు చెప్పులైనా లేకుండా నిలబడి ఉన్నాను. ఎదురింటామె పరిగెత్తుకొచ్చి, "ఏందక్కా, పామా?" అని అడిగింది. పాము కాదు తల్లీ, టీవీ. లోపల మా మనవరాలు చూస్తున్న సీరియల్లో ఎవరో కొండ కింద ఇరుక్కున్నారు, ఆ కొండ విరగబోయే ముందు రాతి కడుపులో పుట్టే సన్నటి చప్పుడొకటి వినిపించింది, అంతే. తిరిగి లోపలికి పోతే ఆ పిల్ల కదలకుండా మురుకులు నములుతూ కూర్చుని ఉంది. పిల్లను లోపల వదిలేసి నేనొక్కదాన్నే పరిగెత్తానన్న సంగతి అప్పుడు గుర్తుకొచ్చి, సాయంత్రం దాకా దాని పక్కనుంచి లేవలేదు.

ముసలిదాని చాదస్తం అనుకునేవాళ్ళు అనుకోండి, నా ఈడు వాళ్ళకు మాత్రం చెప్పుకుంటాను. మీరు బలపం పట్టి అఆలు దిద్దిన పలక మా ఊరి భూమిలోంచే వచ్చింది. దానికి చెక్క చట్రం బిగించిన చేతులు మా అమ్మలాంటి ఆడవాళ్ళవి, రాయి తీసిన చేతులు మా నాయనలాంటి వాళ్ళవి. ఆ రాయి పొరలు పొరలుగా ఉంటుంది, దాని అందమూ అదే, గండమూ అదే, ఎందుకంటే ఏ పొర ఎప్పుడు జారుతుందో ఎవరూ చెప్పలేరు. ఎవరూ అంటే మా నాయన తప్ప. రోజూ పొద్దున్నే కూలీలంతా గని గట్టు మీద ఆగిపోయేవాళ్ళు, నాయన ఒక్కడే రాతిమెట్లు దిగి, గడ్డపారతో గోడను మూడు చోట్ల కొట్టి, చెవి ఆనించి వినేవాడు. అంతసేపూ ఆడవాళ్ళు గాజులు కదలకుండా చేతులు పట్టుకుని నిలబడేవాళ్ళు, చంటిపిల్ల ఏడవబోతే తల్లి గబుక్కున రొమ్ము అందించేది. రాయి ఖంగుమంటే నాయన చెయ్యెత్తేవాడు, అందరూ కళ్ళు మూసుకుని ఒక్క మాట ప్రార్థన చేసుకుని దిగేవాళ్ళు. బోలుగా మోగితే తల అడ్డంగా ఊపి పైకొచ్చేవాడు, ఇక ఆ రోజు పొయ్యిలో పిల్లి లేవకపోయినా సరే, నాయన మాటకు ఎదురు చెప్పిన మనిషిని నేను చూడలేదు.

గోడ జారే ముందు రాయి ఒకే ఒక్కసారి హెచ్చరిస్తుందని మావాళ్ళ నమ్మకం. ఎండుపుల్ల విరిచినట్టు 'కటుక్'మని ఎక్కడో లోపల సన్నగా వినిపిస్తుంది. అది విన్నవాడు చేతిలో ఉన్నది వదిలేసి పరిగెత్తాలి. పక్కవాడికి చెబుదామని ఆగకూడదు, తమ్ముడెక్కడున్నాడో వెతకకూడదు, నిజంగానే విన్నానా అని తల తిప్పి చూడకూడదు. అందుకే మా గని దగ్గర పుల్ల విరవడం, మెటికలు విరవడం పనికిరాదు. ఏడేళ్ళప్పుడు గట్టు మీద కూర్చుని ఏమరుపాటున నేను మెటికలు విరిచాను, కింద ఇద్దరు మనుషులు ఉలులు పారేసి పైకి పరిగెత్తారు. మా అమ్మ అందరి ముందూ నా వేళ్ళ మీద కొట్టింది. దెబ్బ మరిచిపోయాను గానీ, కొడుతున్నప్పుడు ఆమె కళ్ళల్లో ఉన్న భయం మరిచిపోలేదు. ఆ తరువాత చాలాకాలం నా వేళ్ళంటే నాకే భయం వేసేది.

అలాంటిదాన్ని చప్పుళ్ళు చేసుకుని బతుకుతానని ఎవరనుకున్నారు! మా ఆయన మద్రాసులో ఒక స్టూడియోలో, సినిమాలకు చప్పుళ్ళు చేసే గదిలో పని చేసేవాడు. ఆ గదికి పెద్ద ఒకాయన, మేమంతా పెద్దాయన అనే పిలిచేవాళ్ళం. షూటింగులో మాటలే సరిగా పట్టుబడని రోజులవి, నడక, తలుపు, గ్లాసు, చెంపదెబ్బ, అన్నీ తరువాత తెర మీద బొమ్మ చూస్తూ మైకు ముందు చేయాల్సిందే. ఒకరోజు కథానాయిక పట్టీలతో నడవాలి. మగవాడెవడో పట్టీలు కట్టుకుని నడిస్తే, ముద్దాయిని స్టేషన్‌కు నడిపిస్తున్నట్టుందని పెద్దాయన విసుక్కున్నాడట, సరిగ్గా అప్పుడే నేను మా ఆయనకు క్యారియర్ పట్టుకుపోయాను. అలా మొదలైంది నా ఉద్యోగం. నా ముఖం మీకెవరికీ తెలియదు గానీ, నా నడక మీలో చాలామంది విని ఉంటారు. చేటలో బియ్యం దొర్లిస్తే వాన, బీడీ కట్ట మీది కాగితం నలిపితే మంట, పాత గొడుగు టపటపా తెరిచి మూస్తే గద్ద, ములక్కాడ విరిస్తే విలన్ చెయ్యి. ములక్కాడలు మిగిలితే ఇంటికి తెచ్చి పులుసు పెట్టేదాన్ని, మా ఆయన మాత్రం ముట్టేవాడు కాదు.

ఒక సినిమాలో గని కూలే ఘట్టం వచ్చింది. రాయి పగిలే ముందు చప్పుడు కావాలని పెద్దాయన రెండు రోజులు తలకిందులయ్యాడు. తాటిమట్టలు విరిచారు, కొబ్బరిచిప్పలు తొక్కారు, ఏదీ ఆయన చెవికి ఆనలేదు. నేను మూలన కూర్చుని చూస్తున్నాను, నాకు తెలుసు, కానీ చెప్పడానికి నోరు రావడం లేదు. చివరికి ఉండబట్టలేక, ఇంట్లో నీళ్ళకుండ మీద మూతగా పెట్టుకున్న మా ఊరి పలకరాయిని తెచ్చాను. దాన్ని బొగ్గుల కుంపటి మీద బాగా వేడెక్కనిచ్చి, మైకు దగ్గరికి పట్టకారుతో పట్టుకొచ్చి, అంచుకు తడిగుడ్డ ఆనించాను. అది లోపల్లోపల చిట్లింది. ఆ టేపును వేగం తగ్గించి పెద్ద స్పీకర్లో వేసేసరికి నేను గదిలో లేను, మెట్లు దిగి స్టూడియో గేటు దగ్గర ఉన్నాను. లోపల అందరూ పగలబడి నవ్వారు. పెద్దాయన మాత్రం నవ్వలేదు, చేసినమ్మే పారిపోయిందంటే ఇక ఇదే చప్పుడు అన్నాడు. అబద్ధమెందుకు, ఆ మాటకు నేను పొంగిపోయాను.

అదే సినిమాకు నిజమైన ఉలి, సుత్తి చప్పుళ్ళు కావాలని, భుజానికి తగిలించుకునే టేపు మిషను ఇచ్చి పెద్దాయన నన్ను మా ఊరికి పంపాడు. ఒంగోల్లో రైలు దిగి, పొదిలి మీదుగా బస్సులో మిషన్ను చంటిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని వచ్చాను. నేను చేసిన చప్పుడు టేపు కూడా సంచిలో ఉంది. రాతిని వినడంలో నాయనంతటివాడు లేడు కదా, ఆయన విని బాగుందంటే చాలు, నా జన్మ ధన్యం అనుకున్నాను. మర్నాడు గట్టు మీద నిలబడి, నాయనకు ముందుగా ఒక్క మాటైనా చెప్పకుండా, ఆ టేపు పెట్టి మీట నొక్కాను. ఎంత మతిలేనిదాన్నో చూడండి.

నాయనతో కలిపి కింద ఉన్న అయిదుగురూ ఒక్క ఉదుటున పరిగెత్తారు. ఒకతను మెట్ల మీద బోర్లాపడి మోకాళ్ళు చీరుకున్నాడు. పైకొచ్చి నా చేతిలో మిషన్ చూశాక ఒకడు నవ్వాడు, వాణ్ణి చూసి అందరూ నవ్వారు. నాయన చివరగా పైకొచ్చాడు. రొప్పుతూ నా ముందు నిలబడి, "అంతా చెవిని నమ్ముకొని దిగేవాళ్ళం పాపా, దానితో ఆటలేంది?" అని మాత్రం అన్నాడు. ఆయన దగ్గర మెప్పు కోసం అంత దూరం వచ్చిన నాకు ముఖం మీద కొట్టినట్టయింది. కానీ తక్కినవాళ్ళు వదల్లేదు. సినిమా చప్పుడట, మళ్ళీ వెయ్యక్కా, మా ఇంటిదానికి వినిపించక్కా అని వెంటపడ్డారు. ఆ రోజు రెండుసార్లు వేశాను, మర్నాడు మూడుసార్లు. మొదటిసారి పరిగెత్తినవాళ్ళు తరువాత ఉలిక్కిపడ్డారు, ఆ తరువాత ఉలిక్కిపడడం కూడా మానేసి పని చేసుకుంటూ నవ్వారు. నాయన నవ్వలేదు, కానీ ఆయన కూడా తలెత్తడం మానేశాడు. అది నేను చూశాను, చూసి కూడా నాకు బుద్ధి రాలేదు.

మూడో రోజు పొద్దున నాయన ఎప్పటిలాగే గోడ కొట్టి విని చెయ్యెత్తాడు. ఉలుల చప్పుడు పట్టడానికి నేను చెవులకు హెడ్‌ఫోను పెట్టుకుని గట్టు అంచున కూర్చున్నాను. కాసేపటికి వినిపించింది, 'కటుక్'మని. నేను చేసిన టేపే పొరపాటున తిరిగిందనుకుని ముందు మిషను వైపు చూశాను, గనిలో పుట్టి పెరిగినదాన్ని, నేను కూడా! మిషను నమోదు చేస్తోంది, నా టేపు సంచిలో ఉంది. తల ఎత్తి కిందికి చూస్తే అయిదుగురూ నా వైపే చూస్తున్నారు. ఒకడు నవ్వుతూ చెయ్యి ఊపాడు. ఇది నాది కాదు, లేవండి అని అరవాలి, గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. నాయన నా ముఖంలోకి చూస్తున్నాడు, ఆయన చెవి ఏమందో నాకు తెలుసు, అయినా ఆయన దాన్ని నమ్మకుండా నన్ను అడుగుతున్నాడు. అంత భయం నేను ఈ జన్మలో మళ్ళీ పడలేదు. మాట రాని ఆ క్షణంలో మిషన్ను రెండు చేతులతో ఎత్తి గనిలోకి విసిరేశాను. అది రాయి మీద పడి ముక్కలైతే, అప్పుడు నాయన గొంతు లేచింది, "పరిగెత్తండ్రా, ఇది రాయే!"

నలుగురిని మెట్ల మీదికి తోసి ఆయన ఇంకా అట్టడుగు మెట్టు మీద ఉండగా తూర్పు గోడ జారింది. దుమ్ము తగ్గేదాకా నేను గట్టు మీద మోకాళ్ళ మీద పడి ప్రభువా ప్రభువా అంటున్నానట, నాకు గుర్తు లేదు. ప్రాణం దక్కింది గానీ నాయన ఎడమ పాదం నలిగిపోయింది, ఆ తరువాత జీవితమంతా కర్ర పట్టుకునే నడిచాడు. ఇక ఊరు నన్ను నెత్తిన పెట్టుకుంది. మిషన్ విసరకపోతే అయిదు కుటుంబాలు వీధిన పడేవని ఆదివారం గుళ్ళో నా కోసం ప్రార్థన చేశారు, ఆ నలుగురి భార్యలు నా చేతులు పట్టుకుని ఏడ్చారు. నేను తల వంచుకుని అదంతా తీసుకున్నాను. నా టేపు లేకపోతే ఆ చప్పుడు పుట్టగానే వాళ్ళు పైన ఉండేవాళ్ళని, ఆ పాదం పోయేది కాదని ఎవరూ అనలేదు. నాయనకు తెలుసు, ఆయనా అనలేదు.

పగిలిన మిషన్లోంచి టేపు చుట్ట మాత్రం క్షేమంగా దొరికింది. మద్రాసు పోయి ఏడుస్తూ జరిగింది చెబితే పెద్దాయన మిషన్ మాట ఎత్తలేదు, మనిషి దక్కాడు చాలమ్మా అన్నాడు. కొన్నాళ్ళ తరువాత, గని చప్పుడు పట్టిన ఆ టేపు విని, నిజమైన చప్పుడు కంటే నువ్వు చేసిందే నిజంలా ఉందమ్మా అన్నాడు, సినిమాలో నేను చేసిందే పెట్టారు. ఆయన పనివాడు, పనివాడి మాట అన్నాడు. నేను మాత్రం ఇంటికొచ్చి గుడ్డ నోట్లో కుక్కుకుని ఏడ్చాను.

నాయన మళ్ళీ గని దిగలేదు. కాలు బాగైతే వచ్చి గట్టు మీదనుంచైనా వినమని కూలీలు బతిమాలారు, ఒకరోజు పోయాడు, గడ్డపారతో కొట్టించి విన్నాడు, ఖంగుమందో బోలుగా మోగిందో చెప్పలేక తిరిగొచ్చేశాడు. ఆ తరువాత ఇంట్లో తలుపు కొట్టుకున్నా, వీధిలో లారీ టైరు పేలినా ముందు నా ముఖంలోకి చూసేవాడు. నేను పండక్కో పబ్బానికో వచ్చినప్పుడల్లా అంతే, అంత పెద్ద మనిషి చిన్నపిల్లాడిలా, "ఇది నిజమైందేనా పాపా?" అని అడిగేవాడు. నిజమేలే నాయనా, లారీయే అని చెప్పేదాన్ని. అలా ఎన్నేళ్ళు చెప్పానో.

ఇప్పుడు మా వైపు గనులు చాలావరకు నీళ్ళు నిండి పడి ఉన్నాయి, నడుస్తున్నవాటిలో యంత్రాల రొదకు గోడకు చెవి ఆనించినా ఏమీ వినపడదు. పలక మీద రాసే పిల్లలు లేరు. చప్పుళ్ళు చేసే గదిలో చేటలూ గొడుగులూ కూడా కనపడవట, పగులు, వాన, గద్ద అన్నీ కంప్యూటర్లో సిద్ధంగా ఉంటాయట, ఎవరో ఎప్పుడో చేసిన చప్పుడే అన్ని కొండలకూ అతికిస్తారట. పనిచేసేవాళ్ళకు సుఖమే, కాదనను. కానీ టీవీలో రోజుకు పదిసార్లు కొండలు కూలే ఇళ్ళల్లో పెరిగే పిల్లలకు, నిజంగా ఏదైనా కూలేనాడు ఎవరు చెబుతారోనని తలుచుకుంటే నాకు నిద్ర పట్టదు.

చివరి రెండేళ్ళు నాయనకు చెవులు పూర్తిగా పోయాయి. అయ్యో, ఎంతటి చెవి అని ఊరంతా బాధపడింది. నేను మాత్రం, ప్రభువు నన్ను క్షమించాలి, హమ్మయ్య అని ఊపిరి పీల్చుకున్నాను. ఒక సాయంత్రం వసారాలో ఆయనకు జొన్నరొట్టె తుంచి పెడుతుంటే ఇంటి మీదే పడ్డట్టు పిడుగు పడింది. నేను అదిరిపడి, అలవాటు చొప్పున ఆయన ముఖం వైపు తిరిగాను. ఆయన నన్ను చూడలేదు, ఏమీ అడగలేదు, ప్రశాంతంగా రొట్టె నములుతున్నాడు. అయినా నేను ఉండలేక ఆయన చెవి దగ్గరికి వంగి, "నిజమేలే నాయనా" అని చెప్పేశాను.