ఆ శుక్రవారం నేను తెచ్చిన అలసందలు

పదహారేళ్లుగా ఒక మాటను మింగలేక, కక్కలేక మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్లకు చెప్పే ధైర్యమే ఉంటే ఈ కాగితం అవసరమే ఉండేది కాదు. నా పేరు రాయను. ఊరి పేరూ రాయను. నెల్లూరు నుంచి మైపాడుకు వెళ్లే దారిలో, ఉప్పుగాలి తగిలే ఊళ్లలో ఒకటి అనుకోండి.

ముందు నా వంటింటి సంగతి చెప్పాలి. పప్పు కడగడం ఎవరికైనా ఎంతసేపు పని? రెండు నిమిషాలు. నాకు అరగంట. కందిపప్పైనా, పెసరపప్పైనా, ఇడ్లీకి నానబోసే మినప్పప్పైనా సరే, ముందు తెల్ల గిన్నెలో పోసి పెరట్లోకి, వెలుతురులోకి తీసుకువెళతాను. నీళ్లు పోసి, పిసికి, ఆ నీళ్ల రంగు చూస్తాను. పారబోస్తాను. మళ్లీ పోస్తాను. "బట్టలు ఉతికినట్టు ఉతుకుతావేందే పప్పును?" అని మా ఆయన ఎగతాళి చేస్తాడు. నేనూ నవ్వేస్తాను. శనగలు ఉడికించిన రోజు మొదటి నాలుగు గింజలూ నేనే తింటాను. తిని, కడుపు మీద చెయ్యి పెట్టుకుని కాసేపు కూర్చుంటాను. ఏమీ కాలేదనుకున్నాకే ఇంట్లోవాళ్లకు వడ్డిస్తాను. అలసందలు మాత్రం ఈ పదహారేళ్లలో మా పొయ్యి ఎక్కలేదు. నాకు పడవని చెప్పాను. మా ఆయనకు అలసంద వడలంటే ప్రాణం. పాపం, వాళ్ల అక్క ఇంటికి వెళ్లినప్పుడు తిని వస్తాడు.

ఇదంతా శుభ్రం అనుకుంటారు ఊళ్లో. కాదు, భయం.

మాది క్రైస్తవ కుటుంబం. కొంచెం పొలం ఉంది. ఈస్టరుకు ముందు నలభై రోజుల్లో ప్రతి శుక్రవారం మా సంఘంలో ఉపవాస ప్రార్థన జరుగుతుంది. పొద్దుటి నుంచి ఏమీ తినకుండా ఉండి, మధ్యాహ్నం మూడింటికి ప్రార్థన ముగిశాక అందరూ మా ప్రార్థన గుడి వెనక కూర్చుని గుగ్గిళ్లు తిని ఉపవాసం విడుస్తారు. ఆ గుగ్గిళ్లకు ఒక పద్ధతి ఉంది. వారానికి ఆరిళ్ల వంతు. ఒక్కో ఇల్లాలు ఒక పడి గింజలు ముందురోజే నానబోసి తేవాలి. ఒక వారం శనగలు, ఒక వారం పెసలు, ఒక వారం అలసందలు. అన్నీ ఒకే తపేలాలో పోస్తారు. పోశాక ఎవరివి ఏవో చెప్పలేరు. దేవుని ముందు అందరి గింజా ఒకటేనని మా పాస్టరు అయ్యగారు సంతోషంగా చెప్పేవారు. నా తప్పు ఇన్నేళ్లు దాగింది ఆ తపేలాలోనే.

వండేది రూతక్క. నాకన్నా పదేళ్లు పెద్దది, భర్త లేడు, ఒక్కతే కూతురు. బడిలో మధ్యాహ్న భోజనం వండేది. శుక్రవారాలు ఆ పని ముగించుకుని చెమట కూడా తుడుచుకోకుండా గుడికి వచ్చేది. ఉడికిన గింజ పగలకూడదు, పలుకు ఉండకూడదు. ఆ పదును ఆమెకే తెలుసు. ఎండుమిర్చి, దంచిన వెల్లుల్లి, కరివేపాకు వేసి తిరగమాత పెట్టి, దించాక పచ్చికొబ్బరి తురుము చల్లేది. ఆ వాసనకు లోపల ప్రార్థనలో ఉన్న పిల్లలు తలలు తిప్పేవారు.

ఇక నా సంగతి. నాకు గొప్పలు ఎక్కువ. ఇప్పుడు కాదు, అప్పుడు. స్త్రీల కూడికలో ప్రతి ఏడూ ఒకే మాట చెప్పేదాన్ని: మా అలసందలు మా పొలంలో పండినవి, అంగడిలో కొన్నవి కావు అని. ఎవరూ అడగకపోయినా చెప్పేదాన్ని. ఆ ఏడు నా వంతు వచ్చిన వారం, గురువారం పొద్దున డబ్బా మూత తీస్తే గింజలన్నీ పురుగు పట్టి పిండిగా రాలుతున్నాయి. వీధి చివర అంగడి ఉంది. పది అడుగులు వేస్తే సరిపోయేది. కానీ నేను అలసందలు కొంటుంటే ఎవరైనా చూస్తే? ఎంత చిన్న సంగతి! దానికోసమా నేను ఇంత పని చేశాను? ఎన్నిసార్లు నన్ను నేను అడిగినా అదే జవాబు. అవును, దానికోసమే.

పెరటి వసారాలో ఇంకో డబ్బా ఉంది. విత్తనాల డబ్బా. అంతకు పది రోజుల ముందు మా ఆయన ఇసుక చేలో విత్తగా మిగిలిన అలసందలు అందులో ఉన్నాయి. వాటికి పురుగుల మందు పట్టించి ఉంది. గింజలన్నీ గులాబీ రంగుగా ఉంటాయి.

మా వైపు ఆడవాళ్లకు ఒక అలవాటు ఉంది. మా అత్త కాలంలో విత్తనాలకు ఉంచిన పప్పుగింజలకు బూడిద కలిపి కుండలో దాచేవారు. విత్తగా మిగిలినవి పారేయరు. నాలుగు నీళ్లు కడిగి వండుకుంటారు. కాపురానికి వచ్చిన కొత్తలో నేనూ అలా కడిగి వండినదాన్నే. తరువాత బూడిద పోయి మందు పొడి వచ్చింది. కడిగే చెయ్యి మాత్రం మారలేదు. మందు పైన తోలుకే కదా, కడిగితే పోతుంది కదా అనుకున్నాను. అనుకున్నానా? నన్ను నేను నమ్మించుకున్నానా? ఆ మందు కలిపిన రోజు మా ఆయన చేతులకు కవర్లు కట్టుకుని, ముక్కుకు తువ్వాలు చుట్టుకుని కలిపాడు. కోళ్లను గంప కింద మూయమని నాకే చెప్పాడు. నేనే మూశాను.

ఆరు నీళ్లు కడిగాను. మొదటి నీళ్లు ఎర్రగా వచ్చాయి. నాలుగోసారికి లేతగా, ఆరోసారికి తేటగా వచ్చాయి. హమ్మయ్య అనుకున్నాను. నానబోశాను. శుక్రవారం మధ్యాహ్నం నా గిన్నె తీసుకువెళ్లి తపేలాలో కుమ్మరించాను. రూతక్క గరిటెతో కలుపుతూ, ఈ ఏడు మీ గింజ బాగా ఎర్రగా ఉందే అంది. మంచి రకం అన్నాను.

తిన్న గంటకే మొదలైంది. ముందు ఒక పిల్లవాడు వాంతి చేసుకున్నాడు. ఎండకు అనుకున్నారు. తరువాత ఇద్దరు ఆడవాళ్లు తల తిరుగుతోందని గోడకు ఆనుకుని కూలబడ్డారు. యేసుపాదం తాత నోటి నుంచి చొంగ కారుతోంది, ఒళ్లంతా చెమటలు. మొత్తం పధ్నాలుగు మంది. ఊళ్లో ఉన్న ఆటోలన్నీ తెచ్చి నెల్లూరు ఆస్పత్రికి తీసుకువెళ్లారు. నేనూ ఒక ఆటో ఎక్కాను. నా ఒళ్లో ఎవరో పిల్ల తల పెట్టుకుని మూలుగుతోంది.

ఆస్పత్రిలో చిన్న వయసు డాక్టరు ఒకాయన మమ్మల్నందరినీ నిలబెట్టి అడిగాడు. గింజల్లో పురుగుల మందు లాంటిదేమైనా కలిసిందా, తెలిస్తే చెప్పండి, వైద్యం దాన్నిబట్టి ఉంటుంది, ఎవరినీ ఏమీ అనను అన్నాడు. అందరం మొహాలు చూసుకున్నాం. ఆయన చూపు ఒక్కొక్కరి మీద ఆగుతూ వచ్చింది. నా మీద కూడా ఆగింది. పోలీసులు, జైలు, మా ఆయన మొహం, ఊరి మొహం, అన్నీ ఒక్కసారిగా కళ్ల ముందుకు వచ్చాయి. ఒక్క మాట చాలు. మా గింజలకు మందు ఉందండీ అంటే చాలు. నేను తల అడ్డంగా ఊపాను.

దేవుడి దయ, పదమూడు మంది మూడు రోజుల్లో తిరిగి వచ్చారు. యేసుపాదం తాత కూడా వచ్చాడు గానీ మంచం దిగలేదు. ఇరవై రోజులకు పోయాడు. పెద్దవాడు, ఆయాసం ముందే ఉంది అన్నారు. అయి ఉండవచ్చు. కాకపోయి ఉండవచ్చు. ఆ రోజు నేను నోరు విప్పి ఉంటే ఆయన ఇంకో ఐదేళ్లు ఉండేవాడా? ఈ ప్రశ్నకు జవాబు చెప్పగలవాళ్లు ఎవరూ లేరు. జవాబు లేకపోవడమే నా శిక్ష అనుకుంటాను. ఆ మాట అనుకుని కొంచెం తేలిక పడతాను కూడా. సిగ్గులేని మనసు.

తపేలాలో మిగిలిన గుగ్గిళ్లను నేనే గుంత తీసి పూడ్చిపెట్టాను. కుక్కలు తింటాయని చెప్పాను. ఎంత బాధ్యతగల మనిషో అని మెచ్చుకున్నారు.

ఇక కారణం కావాలి కదా ఊరికి. తపేలాలో బల్లి పడిందన్నారు. ఎవరు ముందన్నారో తెలియదు, నేను కాదు. కానీ ఎవరో అనగానే, అవునవును, అలాగే అయి ఉంటుందని వంత పాడింది నేనే. మూత పెట్టకుండా వండిందని రూతక్క మీద పడ్డారు. వారం తిరగకముందే బడిలో వంట మాన్పించారు. మా పిల్లలకు ఆ చేతి కూడు వద్దని తల్లులు వెళ్లి చెప్పారు. వాళ్లలో నేను లేను. వెనక నిలబడ్డాను, అంతే. వేసవి అయ్యేలోపు రూతక్క ఇల్లు వదిలి నాయుడుపేటలో ఉన్న కూతురి దగ్గరికి వెళ్లిపోయింది.

ఇంతవరకు చెప్పింది ఒక ఎత్తు. ఇప్పుడు చెప్పబోయేది రాయడానికి మూడు రోజులు పట్టింది.

మా అమ్మాయికి అప్పుడు ఎనిమిదేళ్లు. ఆ రోజు గుగ్గిళ్లు పెట్టేటప్పుడు మిగతా పిల్లలతో వరసలో కూర్చుంది. ఆకు కూడా వేశారు. నేను వెళ్లి చెయ్యి పట్టుకుని లేపేశాను. దీనికి పొద్దుటి నుంచి కడుపు బాగాలేదు, ఇంటికి వెళ్లి మజ్జిగ అన్నం పెడతానన్నాను. అది ఏడ్చింది. కడుపు బాగానే ఉందమ్మా అంది. వినలేదు. నేనూ తినలేదు. సాయంత్రం దాకా ఉపవాసం ఉంటానన్నాను.

పక్కనే కూర్చున్న పిల్లలను లేపలేదు.

తరువాతి ఆదివారం అయ్యగారు నన్ను సాక్ష్యం చెప్పమన్నారు. దేవుడు నీ బిడ్డను ఎలా తప్పించాడో చెప్పమ్మా అన్నారు. లేచి నిలబడ్డాను. నాకెందుకో ఆ నిమిషంలో బిడ్డను తీసుకువెళ్లాలని అనిపించింది, అది దేవుని స్వరమే అన్నాను. ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. మా అమ్మాయి ఇప్పుడు పెళ్లి చేసుకుని నెల్లూరులో ఉంది. మా అమ్మకు దేవుడు ముందే చెప్పాడు అని వాళ్ల అత్తగారికి ఈ కథ గర్వంగా చెప్పింది. అది వింటూ అక్కడే కూర్చుని కాఫీ తాగాను.

నిరుడు ఒక పెళ్లికి నాయుడుపేట వెళ్లాను. బస్టాండులో ఎవరో నా భుజం మీద చెయ్యి వేశారు. రూతక్క. జుట్టు పూర్తిగా నెరిసింది. పారిపోదామనుకున్నాను. ఆమె నా రెండు చేతులూ పట్టుకుంది.

"బాగుండావా పాపా? పిల్ల బాగుండాదా?"

"బాగుండామక్కా. నువ్వెట్టుండావు?"

"ఉండాను. కూతురింట్లో గిన్నెలు తోముతా, బట్టలు ఉతుకుతా. వంట మాత్రం చెయ్యనబ్బా. పప్పు కూడా పొయ్యి మీద పెట్టను. మనవళ్లకు ఏమన్నా అయితే?"

ఆమే మళ్లీ అంది.

"ఆ రోజు మూత పెట్టినాననే గుర్తు పాపా. కానీ అంతమంది చెప్తా ఉంటే నాదే తప్పయ్యుంటుంది గదా. తిరగమాతకు మూత తీసినాను. అప్పుడే పడిందేమో. తాత నా వల్లే పోయినాడు."

"అట్ల అనుకోబాకక్కా."

"ఊళ్లో అందర్నీ అడగాలనుకున్నా. అడిగే మొహం లేక వచ్చేసినాను. నువ్వన్నా నన్ను క్షమించినావా?"

బస్సు హారన్ కొడుతోంది. చుట్టూ జనం. అప్పుడైనా చెప్పవచ్చు. ఆమె కళ్లలోకి చూశాను. నాకు మళ్లీ భయం వేసింది. ఆస్పత్రి వరండాలో ఎంత వేసిందో అంత.

"క్షమించినానక్కా" అన్నాను.

ఆమె ఏడ్చింది. నా చేతులు కళ్లకు అద్దుకుంది. నేను బస్సెక్కాను.

ఆమె కూతురి ఫోన్ నంబరు నా దగ్గర ఉంది. ఆ రోజే రాసి ఇచ్చింది. ఎన్నోసార్లు నొక్కబోయి ఆగాను. ఇప్పుడు దేనికి భయం? జైలుకు కాదు. మా ఆయన తిడతాడనీ కాదు. రూతక్కకు తెలిస్తే ఊరికి తెలుస్తుంది. ఊరికి తెలిస్తే మా అమ్మాయికి తెలుస్తుంది. అప్పుడు అది ఒక్క ప్రశ్న అడుగుతుంది: మరి నన్నెందుకు లేపావమ్మా? ఆ ప్రశ్నకు నా దగ్గర రెండు జవాబులు లేవు. ఒక్కటే ఉంది. ఆ ఒక్కటీ దాచడానికి నాయుడుపేటలో ఒక మనిషిని ఇన్నేళ్లుగా పొయ్యికి దూరంగా కూర్చోబెట్టాను.

రేపు ఫోన్ చేస్తానో లేదో నాకు తెలియదు. చేస్తానని మీకు మాట ఇవ్వను. నా మాట విలువ ఎంతో ఇంతదాకా చదివాక మీకు తెలిసే ఉంటుంది. మీరు నన్ను క్షమించనక్కరలేదు. ఆ పని ఎంత సులువుగా చేసేయవచ్చో నేనే బస్టాండులో చేసి చూశాను.

కడిగితే పోతుందని అనుకున్నానని ఇందాక రాశాను. ఆ మాట కొట్టేయండి. ఆ గింజలు మా ఇంటివి. వాటిలో మందు ఉందని నాకు తెలుసు. తెలిసే నా బిడ్డను లేపుకున్నాను. రూతక్క మూత పెట్టే ఉంచింది.