కచేరీ గదిలో పసుపు సినిమా

మా ముత్తాత ఈ లోయలో పదిహేడు ఊళ్లకు ముఠాదారు. శిస్తు వసూలు చేయడం, తగవులు తీర్చడం, ఏ కొండవాలులో ఎవరు పోడు కొట్టుకోవాలో చెప్పడం ఆయన పని. ఆయన తర్వాత మా తాత. ఆయన గుర్రం మీద వస్తుంటే సంతలో బేరాలు ఆగేవని చెప్పేవారు. మా నాన్న కాలానికి ముఠాదారీ రద్దయింది. నాకు దక్కినవి కొంచెం కాఫీతోట, జనం నోట్లో మిగిలిన ‘ముఠాదారు బాబు’ అనే పిలుపు, ఇంటి ముందు కచేరీ గది. తగవులు విన్న ఆ గదికి ఒకటే తలుపు. కిటికీలు లేవు. పట్టపగలు కూడా చీకటే.

ఆ చీకటి కోసమే మొన్న చలికాలంలో హుకుంపేట వైపు నుంచి ఒక అమ్మాయి వచ్చింది. అరకులో పెద్ద ఫిల్మ్ ఫెస్టివల్ జరగబోతోంది. చింతూరు, పెదబయలు, హుకుంపేట పిల్లలు తీసిన సినిమాలు అందులోకి ఒక్కటీ తీసుకోలేదట. అందుకని ఆ నాలుగు రోజులూ పక్కనే సొంతంగా వేసుకుంటారట. వాళ్లకు హాలు లేదు.

“మా తాత మీ తాతగారి దగ్గర బారికి బాబూ. ఊరూరా తిరిగి కచేరీ కబురు సెప్పీవోడు” అంది, తల ఎత్తుకునే. ఆ తీరు నాకు నచ్చలేదు. అయినా గడపలోకి వచ్చి అడిగినవాళ్లకు లేదనడం మా ఇంట్లో లేదు. గది ఇచ్చాను.

ఆమె తీసినది అరగంట సినిమా. వాళ్ల ఊరి ఆడవాళ్లు పసుపు ఉడకబెట్టి, ఆరబెట్టి, సంతకు మోసుకెళ్లడం. పెద్ద ఫెస్టివల్‌లో సినిమాలు ఎంచే పెద్దమనిషి ఒక మధ్యాహ్నం గంటసేపు వచ్చి చూస్తానన్నాడు. నచ్చితే చివరి రోజు పెద్ద టెంట్‌లో వేస్తాడు. మళ్లీ రావడానికి ఆయనకు వీలుకాదు. ఆమె ఆ ఊరి ఆడవాళ్లందరినీ జీపుల్లో రప్పించింది. “కాళీ గదిలో సూపిత్తే ఏటుంటాది బాబూ? మావోళ్లు నవ్వాల, తిట్టుకోవాల. అది ఆయన సూడాల” అంది.

ఆ రోజు నేను ఇస్త్రీ పంచె కట్టుకుని, తాతగారి కుర్చీ తుడిపించి, తెరకు ఎదురుగా వేయించుకుని కూర్చున్నాను. అతిథి నా పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. చాపలు పరిచే ఉన్నాయి. ఆడవాళ్లు మాత్రం గడప బయట ఎండలో నిలబడిపోయారు.

“రండే, బేగి రండి!” అని ఆ అమ్మాయి బతిమాలుతోంది.

“ముఠాదారు బాబు కుర్సీలో కూకుంటే లోనికి ఎలగొత్తామే గుంటా? మా అత్త పైనుంచి దిగొచ్చి తంతాది” అంది ఒక ముసలామె. మిగతావాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. ఒక్కరూ కదలలేదు.

ముఠాదారు కుర్చీలో ఉన్నంతసేపు కొండవాళ్లు గడప దాటకూడదు. కచేరీ ముగిశాక బారికి వచ్చి కుర్చీని గోడ వైపు తిప్పేవాడు. అప్పుడే మిగతావాళ్లు లోపలికి వచ్చి ఊడ్చుకునేవారు. ఈ పద్ధతి మరిచిపోయి కూర్చున్నానంటే అబద్ధమవుతుంది. వాళ్లు గడప దగ్గర ఆగినప్పుడు నా వెన్ను ఇంకొంచెం నిటారైంది. నా చిన్నతనం తర్వాత ఆ గడప దగ్గర అంతమంది ఆగడం అదే మొదటిసారి.

అతిథి గడియారం చూసుకున్నాడు. అమ్మాయి నా దగ్గరికి వచ్చి, “బాబూ, మీకు తెలుసు గదా” అంది మెల్లగా.

తెలుసు. లేచాను. “తిప్పు” అన్నాను ఆమెతో.

“మా తాత తిప్పాడు బాబూ. నేను తిప్పను.”

ఆమె కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. చేతులు మాత్రం కదల్లేదు. సినిమా పోయినా సరే తిప్పదని అర్థమైంది. వాళ్ల వంశంలో పుట్టి ఉంటే నేనూ అంతే చేసేవాణ్ణి. కుర్చీని నేనే పట్టుకున్నాను. అంత బరువుంటుందని నాకు తెలియదు. మా వాళ్లెవరూ దాన్ని ఎత్తి ఎరగరు. రెండుసార్లు ఆగి, నేల గీసుకుపోతుంటే గోడ వైపు తిప్పాను.

“ఓలమ్మో, కచేరీ అయిపోనాది! పదండి!” అంది ముసలామె. తోసుకుంటూ వచ్చి కూర్చున్నారు. నేను తలుపు పక్కన చాప అంచు మీద కూర్చున్నాను.

తెర మీద తనను చూసుకుని ముసలామె, “ఏటే, నా మొకం సట్టిలాగ సూపించినావు!” అని అరిచింది. గదంతా గొల్లుమంది. అతిథి కూడా నవ్వాడు. పగిలిన పెంకుల సందుల్లోంచి ఎండ చుక్కలు చుక్కలుగా తెర మీద పడి, బొమ్మల ముఖాలు అక్కడక్కడ వెలిసిపోయాయి. వాళ్లెవరూ పట్టించుకోలేదు. నాకు మాత్రం ప్రతి చుక్కా గుచ్చుకుంది. మా కప్పు ఎంత పాడైందో పరాయివాడి ఎదుట అలా తెలియాల్సి వచ్చింది.

ఆ సినిమా చివరి రోజు పెద్ద టెంట్‌లో వేశారు. నాకు వెనక వరుసలో సీటుకు పాసు పంపారు. వెళ్లలేదు. వచ్చే ఏడు కూడా గది కావాలని ఆ అమ్మాయి అడిగితే ఇస్తానన్నాను.

వానలకు ముందే కచేరీ గదికి కొత్త పెంకు వేయించాను. అందుకోసం తోటలో కాఫీ మొక్కల నీడకని మా నాన్న నాటిన సిల్వర్ ఓక్ చెట్లు రెండు వరసలు కొట్టించి, కలప వర్తకుడికి అమ్మాను.