రొయ్యకు మేత, పిన్నికి పథ్యం

మా పిన్ని భర్తను తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. ద్రాక్షారామం అవతల ఆయనకు రొయ్యల చెరువులు ఉండేవి. రోజూ పొద్దున్నే గట్టు మీద నిలబడి, ఒక రొయ్యను ఎండకెత్తి పట్టుకుని, ఒక కన్ను మూసి దాని లివర్ రంగు చూసేవాడు. రంగు కాస్త వెలిసినట్టుంటే మేత అమ్మినవాడికి ఫోను చేసేవాడు.

"ఏంటండీ ఇది, మేతలో అమైనో ఆసిడ్లు తగ్గాయండి. అవి లేకపోతే లివర్ ఎలా పనిచేస్తుందండి?"

ఇంత తెలిసినవాడు, పిన్నికి కామెర్లు వస్తే నెలల తరబడి వట్టి చారన్నం పెట్టించాడు. పప్పు లేదు, గుడ్డు లేదు, సొంత చెరువు రొయ్య అసలే లేదు. పసరు పోసినవాడు చెప్పిన పథ్యమట. తెలియక చేసినవాడి మీద నాకు కోపం రాదు. ఈయనకు తెలుసు.

పిన్ని చేతులు పుల్లలయ్యాయి, పాదాలు నీరు పట్టాయి. కాకినాడలో డాక్టరు రక్తపరీక్ష చూసి, "లివర్ ఎంజైములు ఇంకా దిగలేదండి. తిండిలో మాంసకృత్తులు లేక ఒళ్ళు తన కండను తానే తింటోంది. పప్పూ గుడ్డూ పెట్టండి," అన్నారు. బాబాయ్ అక్కడ తలూపాడు. ఇంటికొచ్చాక, "పథ్యం పథ్యమే," అన్నాడు.

మర్నాడు పొద్దున పిన్ని నా భుజం పట్టుకుని గట్టు దాకా నడిచింది. ఆయన రొయ్యను ఎండకెత్తి చూస్తున్నాడు.

"నన్నూ ఓసారి అలా చూడండి," అంది.

ఆయన తల తిప్పలేదు. రొయ్యను మాత్రం, దెబ్బ తగలకుండా, మెల్లగా నీళ్ళలోకి వదిలాడు.