ఎనభై పేజీల తబావా

ఉత్తరం రాయాల్సిన మనిషి ఒక్కరూ లేకపోవడం వల్లే తబావా కథలు రాయడం మొదలుపెట్టింది.

అప్పటికి ఆమెకు ముప్పై ఏళ్లు, ఇద్దరు పిల్లలు. కానో పాతనగరంలో మా వీధిలోనే ఉండేది. భర్త మాలం ఇలియాసు పెద్ద అంగీల మెడ చుట్టూ పట్టుదారంతో పూలు కుట్టేవాడు. తబావా ఆయనకు రెండో భార్య. మొదటి భార్య డేలు పొద్దున్నే గుమ్మం పక్కన అలసంద వడలు వేసి అమ్మేది. సవతులిద్దరికీ పదిహేనేళ్ల తేడా. పోట్లాడుకోవడానికి వాళ్లకు తీరిక ఉండేది కాదు. మధ్యాహ్నం నమాజు అయ్యాక ఆడవాళ్లకు బడి పెట్టారని తెలిసినప్పుడు, "నువ్వు పో, పప్పు నేను నానబెడతాను" అని తబావాను పంపింది డేలే.

అక్షరాలు కూడబలుక్కోవడం వచ్చాక టీచరమ్మ ఒకరోజు, "ఎవరికైనా ఉత్తరం రాసుకురండి" అంది. తబావా చుట్టాలందరూ పిలిస్తే పలికేంత దూరంలోనే ఉన్నారు. ఇక చేసేది లేక, జుబైదా అనే స్నేహితురాలు కత్సినా ఊరి నుంచి తనకు ఉత్తరం రాసినట్టు రాసింది. జుబైదా మొగుడు అల్‌హాజీ కుంబో. చక్కెర డబ్బాకు తాళం వేసుకుంటాడు. పులుసులో గరిటె తిప్పి మాంసం ముక్కలు లెక్కపెడతాడు. ఉత్తరం పదకొండు పేజీలు సాగింది.

టీచరమ్మ చదివి కళ్లు తుడుచుకుంది. "పాపం, మీ స్నేహితురాలు ఇన్ని కష్టాలు పడుతోందా! పెద్దవాళ్లకు చెప్పుకోలేదా?"

"ఆవిడ లేదండీ."

"అయ్యో, పోయిందా?"

"పుట్టనేలేదండీ."

ఆ ఉత్తరాన్ని ఇంట్లో డేలుకు చదివి వినిపించింది. డేలు పప్పు పొట్టు తీస్తూ విని, "తర్వాత?" అంది.

"ఇంకా రాయలేదక్కా."

"రాయకపోతేనేం, నోటితో చెప్పు."

"నాకూ తెలీదు."

"నీకు తెలీకపోతే నేనెవర్ని అడగనే? పిండి నేను రుబ్బుకుంటాలే గానీ, నువ్వు లోపలికెళ్లి ఆ పిల్ల సంగతి కనుక్కో."

కనుక్కునేసరికి ఎనభై పేజీల నోటుపుస్తకం నిండింది. ఆ పుస్తకం ఇల్లిల్లూ తిరిగి నెల తర్వాత నూనె మరకలతో తిరిగొచ్చింది. అంచుల నిండా రకరకాల చేతిరాతలు. ఒకావిడ "వీడి చేతులు విరగ" అని రాసింది. ఇంకొకావిడ చివరి పేజీ కింద తనే నాలుగు ముక్కలు చేర్చి కుంబోను బావిలో పడేసింది.

అప్పుడే అది నా చేతికి వచ్చింది. నా పేరు ఫురేరా, బజారు పక్కన టైపు కొట్టు నాది. ఆరోజు ఎవరిదో భూమి కాగితం యంత్రంలో సగంలో ఉంది. దాన్ని బయటికి లాగి పక్కన పెట్టి జుబైదాను ఎక్కించాను. భూమి తాలూకు ఆసామి వచ్చి అరుస్తున్నా నాకు వినపడలేదు.

టైపు చేసిన కాగితాలు పట్టుకుని ఇద్దరం ముసుగులేసుకుని పుస్తకాల దావుదా దుకాణానికి వెళ్లాం. ఆయన నిలబడే సగానికి పైగా చదివి, కట్టను అరచేతిలో పెట్టి ఎత్తి చూశాడు.

"చిన్నది. బాగుంది."

"చిన్నదైతే బాగున్నట్టా?" అంది తబావా.

"సంగటి ఉడికేలోపు అయిపోవాలి హజియా. అంతకంటే పెద్దదైతే సంగటైనా మాడుతుంది, పుస్తకమైనా మూతపడుతుంది. అవునూ, నలభయ్యో పేజీలో ఎవరో తలుపు కొడతారు చూడు, అక్కడ ఆపెయ్. కొట్టిందెవరో రెండో భాగంలో చెబుదువుగాని."

"జనం నన్ను తిట్టరూ?"

"తిడతారు. నిన్నెక్కడ వెతుక్కుంటారు, నా కొట్టుకే వస్తారు. వచ్చినవాళ్లు రెండోది కొనకుండా పోతారా?"

అట్ట మీది బొమ్మను లారీలకు బొమ్మలు వేసే మనిషికి అప్పజెప్పారు. వేసి తెచ్చిన బొమ్మను తబావా అటూ ఇటూ తిప్పి చూసింది. జుబైదా చీర కట్టుకుని, నుదుటన బొట్టు పెట్టుకుని, కొండ ముందు నిలబడి ఉంది.

"ఇదేంటన్నా? నా జుబైదా చీరెందుకు కడుతుంది? కత్సినాలో ఆ కొండెక్కడిది?"

"కష్టాల్లో ఉన్న ఆడమనిషి అన్నారు కదా చెల్లీ. సినిమాహాలు గోడ మీద ఇండియా బొమ్మల్లో ఏడ్చే ఆడవాళ్లంతా ఇలాగే ఉంటారు."

బొట్టు చెరిపించింది. చీర మీద మా ఊరి ముసుగు వేయించింది. కొండ మాత్రం ఉండిపోయింది. కత్సినా వెళ్లొచ్చిన వాళ్లు ఆ కొండ ఏ వైపు ఉందని ఇప్పటికీ అడుగుతుంటారు.

మొదటి భాగం రంజాను ముందు వచ్చింది. పండగ నాటికి ఒక్క ప్రతి మిగల్లేదు. తలుపు కొట్టిందెవరని ఆడవాళ్లు నీళ్ల కుళాయి దగ్గర పందాలు వేసుకున్నారు. పుస్తకం మగవాళ్ల కంటా పడింది. అక్కడ వచ్చింది చిక్కు.

ఒక శుక్రవారం నమాజు నుంచి ముగ్గురు మనుషులు నేరుగా మాలం ఇంటి ముందుగదిలోకి వచ్చి కూర్చున్నారు. మేం తెర వెనకాల చెవులు రిక్కించాం.

సిమెంటు కొట్టు అల్‌హాజీ ముందు అందుకున్నాడు. "మాలం, మీ ఆవిడ నా పరువు తీసింది. ఈ పేటలో చక్కెరకు తాళం వేసేది నేనొక్కణ్నే. అందరికీ తెలుసు."

"ఆగవయ్యా," అన్నాడు టైర్ల వ్యాపారి. "అది నువ్వు కాదు, నేను. మాంసం ముక్కలు లెక్కపెట్టేది ఎవరనుకున్నావ్?"

మూడో ఆయన రిటైరైన గుమాస్తా. "మీకిద్దరికీ చదవడం చేతకాదు," అన్నాడు చిరాగ్గా. "పన్నెండో పేజీ చూడండి. పెళ్లాం వినకుండా రేడియోలో బ్యాటరీలు తీసి జేబులో వేసుకు తిరిగేది నేను. కుంబో అంటే అచ్చంగా నేనే."

నేనంటే నేనని ముగ్గురూ కలబడ్డారు. చివరికి మాలం గొంతు సవరించుకున్నాడు. "మీరు వచ్చేవరకూ అది నేనే అనుకుంటున్నానయ్యా. నాలుగు రోజులుగా ఇంట్లో ఎవరితోనూ మాట్లాడట్లేదు."

ముందు గుమాస్తా నవ్వాడు, తర్వాత అందరూ నవ్వారు. మాలం తెర వైపు తిరిగాడు. "ఇప్పుడైనా చెప్పు. మాలో ఎవర్ని చూసి రాశావు?"

"మీరెవరూ కాదు," అంది తబావా లోపలి నుంచి. "పిల్లలకు దొరక్కుండా చక్కెర దాచి తాళం వేసేది నేనే. నన్ను చూసుకునే రాశాను."

ముగ్గురూ కాస్త చిన్నబోయి వెళ్లిపోయినట్టు నాకు అనిపించింది.

రెండో భాగం వచ్చాక ఒకరోజు దౌరా బస్సు దిగి ఒక అమ్మాయి తబావా ఇంటికి వచ్చింది. పేరు సవుదే. వీపున పసిబిడ్డ, చేతిలో పుస్తకం. అప్పటికి మూడో భాగం సగం టైపు చేశాను. అందులో, పుట్టింటికి వచ్చేసిన జుబైదా ఏడుస్తూ మొగుడి దగ్గరికే తిరిగి వెళ్తుంది.

"అక్కా, జుబైదా వెనక్కి వెళ్తుందా?" అని అడిగింది సవుదే.

"పుస్తకం వచ్చాక చదువుకో తల్లీ. దీని కోసం ఇంత దూరం వచ్చావా?"

"నేనిప్పుడు పుట్టింట్లో ఉన్నాను. మా ఆయన రమ్మంటున్నాడు. జుబైదా ఏం చేస్తే నేనూ అదే చేద్దామని వచ్చాను."

తబావా ముఖం పాలిపోయింది. అప్పటిదాకా తన రాత చూసి జనం ఏడవాలనీ నవ్వాలనీ అనుకుందే గానీ, ఒకరు దాన్ని పట్టుకుని కాపురం దిద్దుకుంటారని కలలో కూడా అనుకోలేదు. "చెల్లీ, ఆమె నేను పుట్టించిన మనిషి. ఆమె తప్పు చేస్తే కాగితం చింపేస్తాను. నీ బతుకు అలా చింపలేం కదా" అంది.

"ముందు పిల్లను తిననివ్వవే," అని డేలు పెరుగులో సజ్జముద్ద పిసికి సవుదే చేతికిచ్చింది. తర్వాత అడగవలసినవన్నీ తనే అడిగింది. "కొడతాడా?"

"లేదత్తా."

"తాగుతాడా?"

"లేదు."

"మరేంటి?"

"జొన్నల కొట్టుగది తాళంచెవి మెళ్లో వేసుకుని ఊళ్లు తిరుగుతాడు. బిడ్డకు అంబలి కాయాలన్నా ఆయనొచ్చేదాకా కూర్చోవాలి."

"అయితే మనిషి పాడు కాదు. తాళంచెవి చోటే పాడు," అంది డేలు. "నీ మెళ్లో వేస్తే వస్తానని కబురు పెట్టు. నలుగురు పెద్దల ముందు వెయ్యాలి."

సవుదే సాయంత్రం బస్సుకు వెళ్లిపోయింది. నేను టైపు చేసిన నలభై పేజీలనూ తబావా పొయ్యిలో పెట్టింది. "నా వేళ్లు ఏమవ్వాలి?" అని నేను మొత్తుకున్నా వినలేదు. కొత్త మూడో భాగంలో జుబైదా పెద్దల ముందు తాళంచెవి అడిగి మెళ్లో వేసుకుని ఇంట్లో అడుగుపెట్టింది. రెండు నెలలకు దౌరా నుంచి ఒక ఫొటో వచ్చింది. సవుదే నిటారుగా నిలబడి ఉంది. మెడలో పూసలదండ, దానికి ఇత్తడి తాళంచెవి.

ఆ ఏడు మా పేటలో చాలా మెడల్లో తాళంచెవులు వెలిశాయి. సిమెంటు అల్‌హాజీ ఇంట్లో కూడా.

ఆ తర్వాత తబావా ఇరవై ఆరు పుస్తకాలు రాసింది. ఏ ఒక్కటీ వంద పేజీలు దాటలేదు. కాలేజీ నుంచి ఒక పెద్దాయన వచ్చి, "ఇంత చెయ్యి తిరిగినదానివి, ఒక పెద్ద నవల రాయరాదా అమ్మా?" అన్నాడు. ఆ మాట మీద ఒక వర్షాకాలమంతా కూర్చుని మూడువందల పేజీలు రాసింది కూడా. దావుదా దాన్ని చదివి, మూడు చోట్ల తలుపు కొట్టించి, నాలుగు పుస్తకాలు చేశాడు.

ఇదిలా ఉండగా యాభయ్యో ఏట డేలు కూడా ఆ బడికే వెళ్లడం మొదలుపెట్టింది. రెండేళ్లకు తబావా పుస్తకాన్ని మొదటిసారి తనంతట తాను, వేలు పెట్టి చదువుకుంది. చదివి వడల గరిటె పట్టుకుని లేచింది.

"ఇదుగో, కూర్చున్నచోటే నిద్రపోయి గురక పెట్టే ఈ లావాటి వంటావిడ ఎవరే? నాకు చదివి వినిపించినప్పుడు ఈ ముక్క లేదు!"

తబావా చెప్పులు చేత్తో పట్టుకుని నా కొట్టులోకి పరిగెత్తుకొచ్చి తలుపేసుకుంది. నవ్వీ నవ్వీ ఊపిరాడక కుర్చీలో కూలబడి, ఒక కాగితం ఎక్కించమని నాకు సైగ చేసింది.