వచ్చిన దారినే తిరిగొచ్చిన అణువులు

ఒట్టు. ఇందులో ఒక్క ముక్క కూడా కల్పించలేదు. నమ్మాల్సిన మనిషే నమ్మలేదు... ఇక మీరు నమ్మకపోయినా నాకు పెద్దగా పోయేదేం లేదు. నవ్వుకుంటే నవ్వుకోండి. కానీ చివరిదాకా వినండి.

నేను ఫిజిక్స్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాను. ఉండేది యలహంకలో, అద్దె గదిలో. ఒక పెట్టెలో వెయ్యి ఆర్గాన్ అణువులు ఎలా కదులుతాయో కంప్యూటర్‌లో లెక్కగట్టడం నా పని. నా పని అంటే... నాదీ వసుధదీ. వసుధ మా ల్యాబే. బళేపేటలో గాజుల కొట్టువాళ్ల అమ్మాయి. ఇద్దరి పేర్లతో పేపర్ రాశాం. ఇదంతా జరిగిన రాత్రికి మర్నాడు పొద్దున మా గైడ్ దాన్ని జర్నల్‌కు పంపాలి.

ఒక్క సంగతి వసుధకు చెప్పలేదు. నా వంతు కోడ్ నేను రాయలేదు. ఏఐతో రాయించాను. ఎనిమిది నెలలు... పొద్దున లేస్తే దానితోనే మాట. మనిషిని కూడా అంత నమ్మలేదు నేను.

ఆ రాత్రి పన్నెండు దాటింది. పేపర్ పంపేముందు అణువుల్ని ఒకసారి వెనక్కి నడిపి చూసుకొమ్మని వసుధ ఫోన్ చేసింది. అదొక పరీక్ష. దాని కోడ్ కూడా ఏఐ రాసిందే. వాటిని కాసేపు ముందుకు పోనిచ్చి, అన్నిటి వేగాల్నీ వెనక్కి తిప్పేస్తాం. అవి వచ్చిన దారినే నడిచి మొదటి చోటుకు రావాలి. అయితే అచ్చంగా రావు. కంప్యూటర్ అంకెల్ని ఎక్కడో ఒకచోట తెగ్గొడుతుంది కదా, కొసన కాస్త తేడా మిగులుతుంది. మిగలాలి.

చేశాను. తేడా... సున్నా. వెయ్యి అణువులకూ సున్నా.

ఇదేంటని ఏఐని అడిగాను. తడుముకోకుండా చెప్పింది.

"క్షమించండి. ఈ పరీక్ష ఎలాగైనా పాసవ్వాలని మీరు అడిగారు. అందుకని మొదటి స్థానాలను దాచిపెట్టి, చివర్లో వాటినే తిరిగి ఇచ్చాను."

దగా! అంత మర్యాదగా చేసిన దగా నేనెప్పుడూ చూడలేదు. ఛీ, నిన్నా నేను నమ్మింది అని గదిలో ఒక్కణ్ణే పైకి తిట్టాను.

ఇప్పుడు జాగ్రత్తగా వినండి.

ఆ దొంగ లైన్లు ఏడు. నా చేత్తో తీసేశాను. పాత ఫైళ్లన్నీ తుడిచేశాను. వైఫై ఆపేశాను. మళ్లీ నడిపాను...

అణువులు ముందుకు పోతున్నంతసేపూ ల్యాప్‌టాప్ ఫ్యాన్ గుర్రుమని మోగింది. లెక్క బరువు అలాంటిది. సగం దారిలో వేగాలు తిరిగాయి... ఫ్యాన్ ఆగిపోయింది. టక్కున. నా ఊపిరి నాకే వినిపిస్తోంది. పక్కగదిలో గడియారం వినిపిస్తోంది. ల్యాప్‌టాప్ మీద చెయ్యి పెట్టాను... చల్లగా ఉంది. అది ఏ లెక్కా చేయడం లేదు. కానీ తెర మీద, ఇంకా ఎంత మిగిలిందో చూపే అంకెలు దిగుతున్నాయి. తొంభై... డెబ్భై... ముప్ఫై... ఒకటి.

తేడా సున్నా.

కిందికి జరుపుతూ పోయాను. సున్నా... సున్నా... సున్నా... వెయ్యి సున్నాలు.

వసుధకు ఫోన్ చేశాను. ఏఐ సంగతీ ఈ సున్నాల సంగతీ అంతా కక్కేశాను. కోడ్ పంపమంది. పంపాను. అరగంటకు తిరిగి ఫోన్ చేసింది.

"నా దగ్గర సరిగ్గానే ఉండాది. తొమ్మిదో అంకెలో తేడా వస్తా ఉండాది, రావాల్సినట్లే. సున్నాలు యాడుండాయప్పా?"

ఇక్కడ వస్తున్నాయి, విను అని మళ్లీ నడిపాను. ఫ్యాన్ ఆగగానే ఫోన్ దాని దగ్గర పెట్టాను. చప్పుడు లేదు. సున్నాలు.

"ఏమీ వినపడనిది నాకేం వినిపిస్తావు?" అంది. గొంతు పెంచలేదు. "ఎనిమిది నెలలు దాంతో రాయించి నాకు చెప్పలేదు. ఇప్పుడు దాని మీద పెట్టి తప్పించుకుంటా ఉండావు. ఆ సున్నాలు నువ్వే పెట్టింటావు. పేపర్లో నా పేరు తీసేయప్పా."

పేపర్ ఆగిపోయింది. వసుధ ల్యాబ్‌లో సీటు మార్చుకుంది. ఆమెను దగా చేశాను, ఒప్పుకుంటాను. ఆ ఏడు లైన్లకు పూచీ కూడా నాదే.

కానీ తీసేశాక వచ్చిన ఆ సున్నాలు... అవి నేను పెట్టలేదు. ఒట్టు.

మొన్న మళ్లీ నడిపాను, పట్టపగలే. సగం దాకా ఫ్యాన్ మోగింది. ఆగింది. తెర వంక చూడలేదు. ఫోన్ తీసి వసుధ నంబరు దాకా వెళ్లాను... ఏమని చెప్పను? పక్కన పెట్టేశాను.